అది పాదాలు కడిగే పళ్ళెం కాదు

1974 ఏప్రిల్ 14, ఈస్టరు ఆదివారం. ఉదయం ఆరాధన ముగియకముందే దేవసహాయం అనే లస్కరు, కాలవ లాకు గేట్లు తిప్పేవాడు, గుడిలో ప్రభువు సంస్కారపు రొట్టె, రసం తీసుకుని, ప్రభువు బల్ల దగ్గరనుంచి తన చోటికి వెళ్తూ కూలబడ్డాడు. నలుగురు అతన్ని ఇంటికి మోసుకొచ్చి వసారాలో మంచం మీద పడుకోబెట్టారు. అతని అక్క రాహేలమ్మ మంచం కిందనుంచి నన్ను లాగి అతని గడ్డం కింద పెట్టింది. అతను కక్కాడు.

నేను ఒక ఎనామిల్ బేసిన్ను. ఈ వైపు జనం పింగాణీ అంటారు. పైన గాజుపూత, లోపల ఇనుము. ఏళ్ళ తరబడి ఒక ఇంటి మంచం కింద ఉండి, ప్రస్తుతం మళ్ళీ డెల్టాలో ఒక మిషను ఆసుపత్రికే చేరి, పాత వస్తువుల గదిలో, గాజు బీరువాలో ఉన్నాను. ఆసుపత్రికి నూరేళ్ళు నిండాయని ఆ గది పెట్టారు. నా ముందు ఒక అట్టముక్క ఉంది. దాని మీద 'పాదాలు కడిగే పళ్ళెం' అని రాశారు. రాసినవాడు ఎవరినీ అడగలేదు. నాలో ఎవరూ పాదం పెట్టలేదు. నేను వాంతి బేసిన్ను. తాగుడు మాన్పించడానికి ఈ ఆసుపత్రిలో చేసిన ప్రయత్నాలు చాలావరకు నా మీదుగానే జరిగాయి. నా పక్కన రెండు తోలు పట్టీలు ఉన్నాయి. వాటి ముందు అట్టముక్కే లేదు. అవి దేనికో ఎవరికీ గుర్తు లేదో, గుర్తున్నవాళ్ళు రాయనివ్వలేదో నాకు తెలియదు.

నన్ను కలకత్తా దగ్గర ఒక కార్ఖానాలో చేశారు. ఇనప రేకును అచ్చులో నొక్కారు. గాజు పిండిలో ముంచారు. కొలిమిలో కాల్చారు. అంచుకి నీలం గీత వేశారు. నాతోపాటు పుట్టినవి చాలావరకు వంటిళ్ళకి పోయాయి. నన్ను రైల్లో నిడదవోలుకు, అక్కడనుంచి పడవలో కాలవ మీద ఇక్కడికి తెచ్చారు. దారిలో లాకుల దగ్గర పడవ ఆగింది. ఆ రోజు లాకు గేటు తిప్పినవాడు దేవసహాయం తండ్రేనని తర్వాత విన్నాను. రుజువు లేదు. పక్కన పెడుతున్నాను.

నేను వచ్చేసరికి ఇక్కడ ఒక వైద్యం అయిపోయింది. అంతకుముందు ఉన్న దొరసాని తాగేవాళ్ళ చేత కాగితం మీద వేలిముద్ర వేయించేది. ఇకమీదట మత్తు ముట్టనని ఆ కాగితం సారాంశం. వేలిముద్ర వేసినవాళ్ళు సిరా కడుక్కుని కల్లుపాకకి వెళ్ళేవారని పాత ఆయాలు చెప్పుకునేవారు. దొరసాని సీమకి వెళ్ళిపోయింది. కాగితాలు చెదలు తిన్నాయి. తాగుడు పాపం అనుకున్నప్పుడు వేలిముద్ర వేయించారు. తర్వాత అది పిచ్చి అన్నారు. పిచ్చికి తాళం కావాలి కదా. ఆసుపత్రి వెనక ఊచల గది ఒకటి ఉండేది. తాగి వచ్చినవాణ్ణి అందులో పెట్టి, చేతులు మంచానికి తోలు పట్టీలతో కట్టి, నిద్రమందు తాగించేవారు. ఆ మందు వాసన గోడలకి పట్టేది. రెండోనాటికి లోపలివాడు చీమలు, పాములు అని అరిచేవాడు. అరుపులు ఆగినవాళ్ళలో కొందరికి నయమైంది, కొందరు పోయారు. నయమైనవాణ్ణి తలుపు తీసి పంపేవారు. ఆ తలుపులోంచే జబ్బు కూడా బయటికి వెళ్ళేది. ఇది ఎవరికీ కనపడకపోవడమే నాకు విడ్డూరం.

రాహేలమ్మ ఆ రోజుల్లో నర్సుగా చేరింది. తల్లి లేదు. తండ్రి లాకుల దగ్గర లస్కరు. తాగి ఒకనాడు లాకు మీదనుంచి కాలవలో పడ్డాడు. శవం కింది లాకు దగ్గర తేలింది. ప్రభుత్వం ఆ ఉద్యోగం కొడుక్కి ఇచ్చింది. ఉద్యోగంతోపాటు మిగతాది కూడా కొడుక్కి వచ్చింది. రాహేలమ్మ పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడికి అన్నం పెట్టింది. అతనితో ఆమె అన్న మాట ఒకటే. అది నేను చాలాసార్లు విన్నాను.

"నాన్న కాలవలో తేలేడు. నువ్వు తేలకూడదురా."

"నాకు ఈతొచ్చక్కా," అనేవాడు దేవసహాయం.

"నాన్నకి రాదా ఏంటి?"

1967లో డాక్టరు సత్యదాసుగారు మద్రాసులో కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చారు. ఊచల గదికి తాళం తీయించి గోడలకి సున్నం వేయించారు. నన్ను గిడ్డంగిలోంచి పైకి తెప్పించారు. పద్ధతి ఇది: రోగికి ఒక సూది వేస్తారు. సూదిమందుకి కడుపులో తిప్పడం మొదలవగానే చేతికి మద్యం గ్లాసు ఇస్తారు. వాసన చూడమంటారు, తాగమంటారు. తాగుతాడు, కక్కుతాడు. మర్నాడు మళ్ళీ. కొన్నాళ్ళకి గ్లాసు చూస్తేనే కడుపు తిరుగుతుంది.

"బుర్ర చెప్పిన మాట వినకపోతే కడుపు చేత చెప్పించాలమ్మా," అన్నారు డాక్టరుగారు రాహేలమ్మతో. ఆమె సంతోషించింది. మొదటి రోగిగా తమ్ముణ్ణి తెచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. దేవసహాయం తాగేది కల్లు, సారా. మిషను ఆసుపత్రి గేటులోంచి కల్లుకుండ రావడం మర్యాద కాదని డాక్టరుగారు అనుకున్నారు. మందుల అలమరాలో బ్రాందీ ఉంది. అదైతే మందు కిందే లెక్క. బ్రాందీ పోశారు.

"ఇంత ఖరీదు సరుకు మనకెందుకండి డాక్టరుగారూ? కాసింత కల్లు తెప్పించండి, చాలు," అన్నాడు దేవసహాయం.

"నోరు మూసుకుని తాగు."

"నోరు మూసుకుని ఎలా తాగనండి?"

తాగాడు. కక్కాడు. నన్ను పట్టుకున్నది రాహేలమ్మ. తెల్లచీర కట్టుకుని, ఒక చెయ్యి నా అంచు మీద, ఒక చెయ్యి తమ్ముడి నుదుటి మీద పెట్టి నిలబడేది. అలా రెండు వారాలు.

చికిత్స పనిచెయ్యలేదని నేను అనను. చేసింది. పెళ్ళిళ్ళలో ఎవరైనా బ్రాందీ సీసా మూత తీస్తే చాలు, దేవసహాయం లేచి గోడ దూకి పారిపోయేవాడు. చూసినవాళ్ళు ఎంత మారిపోయాడో అని ముక్కు మీద వేలేసుకునేవారు. గోడ అవతల కల్లుపాక ఉందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అంతేకాదు, ఆనాటినుంచి అతను పింగాణీ కంచంలో అన్నం తినలేకపోయాడు. అక్క తెల్లచీరలో ఎదురొస్తే మొహం తిప్పుకునేవాడు. కడుపుకి చెప్పిన పాఠం కడుపు బాగానే నేర్చుకుంది. పాఠమే వేరేది.

డాక్టరుగారు ఆ పద్ధతి మానేశారు. నా అంచు దగ్గర పెచ్చు లేచిందని నన్ను పనికిరాని సామాన్లలో వేశారు. రాహేలమ్మ అడిగి ఇంటికి తెచ్చుకుంది. తమ్ముడి మంచం కింద, తల వైపు పెట్టింది. అతనికి కనపడకుండా గోనెపట్టా కప్పింది.

అప్పటికి దేవసహాయానికి పెళ్ళయింది. భార్య రూతమ్మది తణుకు. ఒక కూతురు పుట్టింది. అతను తాగి ఆరాధనకి వచ్చాడని సంఘ పెద్దలు అతన్ని సంస్కారం నుంచి తీసేశారు. ఈ గుడిలో ఆ శిక్షకి అర్థం ఉంది. బల్ల దగ్గర చోటు లేనివాడికి పెళ్ళిపందిట్లో ముందు వరసలో చోటు ఉండదు. పిల్లల బాప్తిస్మంలో పేరు పిలవరు. రూతమ్మ కొన్నాళ్ళు ఓర్చుకుని, కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. గుమ్మం దిగుతూ రాహేలమ్మతో చెప్పిన మాట ఇది:

"బల్ల కాడ మళ్ళీ మోకాళ్ళేసిన రోజు కబురెట్టండి వదినా. ఆ బస్సుకే వస్తాను."

1974లో ఈస్టరుకి ముందొచ్చే నలభై రోజుల శ్రమదినాలు మొదలవబోతుండగా దేవసహాయం తణుకు వెళ్ళాడు. కూతురు అతన్ని చూసి తలుపు వెనక్కి వెళ్ళింది. ఎంత పిలిచినా రాలేదు. తిరిగి వచ్చి వసారాలో కూర్చుని అన్నాడు.

"అక్కా, ఈ శ్రమదినాలు నేనూ తాగుడు ఆపుతాను."

"మంచిది," అంది రాహేలమ్మ.

ఆమె నమ్మలేదు. ఆమెని తప్పు పట్టలేం. ఆ మాట ఆ వసారాలో అంతకుముందు చాలాసార్లు పుట్టి, సాయంత్రానికి చచ్చిపోయింది. ఆమె డాక్టరు సత్యదాసుగారి దగ్గరికి వెళ్ళింది. అప్పటికి ఆయన చేతిలో ఇంకో కొత్త సంగతి ఉంది. ఒక మాత్ర. అది వేసుకున్నవాడు చుక్క తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, తల పగిలి, కక్కుతాడు. తాగకపోతే ఏమీ కాదు.

"చెప్తే వేసుకోడు రాహేలూ. చెప్పకుండా కలిపెయ్యి. తాగేడనుకో, తిరగబడుద్ది. రెండుసార్లు తిరగబడితే వాడే మానేస్తాడు."

ఈ డెల్టాలో అలా కలిపిన మొదటి ఆడది రాహేలమ్మ కాదు, ఆఖరిదీ కాదు. పులుసులోనో పప్పులోనో మాత్ర పొడి కలిపి, మొగుడు తింటుంటే గుమ్మం పక్కన నిలబడి చూసిన ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. రాహేలమ్మ మాత్రని అట్లకాడ వెనకతో నూరి తమ్ముడి కూరలో కలిపేది. తాటాకు విసనకర్ర పట్టుకుని ఎదురుగా కూర్చునేది. తిన్నాడని చూసుకుని లేచేది.

నేను మంచం కింద ఉన్నాను. ఆ శ్రమదినాలు మొత్తంలో ఒక్కసారి కూడా ఎవరూ నన్ను బయటికి లాగలేదు. నన్ను ఎవరైనా అడిగి ఉంటే ఒకటే చెప్పేవాణ్ణి. మాత్ర కడుపులో ఉంది. చుక్క పడితే ఆ మనిషి నా దగ్గరికి రావాలి. రాలేదు. అంటే తాగలేదు. అంటే తనే మానేశాడు. మాత్రకి ఇందులో పని లేదు. ఇంత చిన్న లెక్క. రాహేలమ్మ ఆ లెక్క వెయ్యలేదు. "మాత్ర పనిచేస్తోందండి," అని డాక్టరుగారికి చెప్పింది. ఆయన తల ఊపారు.

సంఘ పెద్దలు అతని నోటి వాసన చూశారు, విచారించారు, తృప్తి పడ్డారు. ఈస్టరు నాడు దేవసహాయాన్ని బల్లకి చేర్చుకుంటామని పాస్టరుగారు ప్రకటించారు. తణుకుకి కబురు వెళ్ళింది. శనివారం బస్సుకి రూతమ్మ కూతురితో దిగింది. ఆ సాయంత్రం ఇంట్లో నలుగురు కూర్చుని భోంచేశారు. బెండకాయ పులుసు. దేవసహాయం గిన్నెలో పొడి వేరేగా కలిపింది రాహేలమ్మ. నవ్వులు వినపడ్డాయి. పిల్ల నాన్న పక్కనే కూర్చుంది.

గుడిలో ఇచ్చే ద్రాక్షారసం పాస్టరమ్మగారు ఇంట్లోనే చేసేది. ద్రాక్షపళ్ళు, పంచదార జాడీలో వేసి, మూతికి గుడ్డ కట్టి, నెలల తరబడి పులియబెట్టేది. దాన్ని సారాతో కలిపి ఆలోచించడం ఆ సంఘంలో ఎవరికీ తోచదు. అది క్రీస్తు రక్తం. రాహేలమ్మ ప్రతి సంస్కారానికీ ఆ గిన్నెలోంచి తాగుతుంది. డాక్టరు సత్యదాసుగారు కూడా తాగుతారు. మాత్ర ఇచ్చిన ఆయనకి గానీ, కలిపిన ఆమెకి గానీ ఆ గిన్నె గుర్తు రాలేదు. దేవసహాయం ఏళ్ళ తర్వాత మోకాళ్ళేశాడు. గిన్నె దగ్గరికి వచ్చినప్పుడు ఒక గుక్క ఎక్కువే తాగాడని తర్వాత అన్నారు. అది దాహమో భక్తో నేను చెప్పలేను.

అలా అతను నా ముందుకి వచ్చాడు. మొహం మిరపపండులా ఉంది. మెడలో నరం కొట్టుకుంటోంది. నాలో పడింది ఎర్రగా ఉంది. వాసన పాస్టరమ్మగారి జాడీది. రాహేలమ్మ నాలోకి చూసింది. తర్వాత తల ఎత్తి, గుడినుంచి వెంట వచ్చిన డాక్టరు సత్యదాసుగారి వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూశారు. ఇద్దరికీ తెలిసిన క్షణం అదే. నేను ఇద్దరి మధ్యనే ఉన్నాను.

"ఎండదెబ్బ," అన్నారు డాక్టరుగారు.

పెరట్లో ఎండ ఇంకా చెట్టు దాటలేదు.

సంఘ పెద్ద ఎలీషాగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఎండదెబ్బ కాదు, ఏం కాదండి. లోపల ఒకటి పెట్టుకుని బల్ల ముట్టుకుంటే బల్ల చూస్తా ఊరుకోదు," అన్నారు. ఎవరూ కాదనలేదు. కాదనవలసిన ఇద్దరూ నోరు మెదపలేదు.

రూతమ్మ మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. "దేవుడే ఒద్దని తోసేసేక నేనెవర్ని వదినా?" అంది. పిల్ల ఏడుస్తూ వెళ్ళింది.

సాయంత్రానికి దేవసహాయం లేచి కూర్చున్నాడు. "నన్ను ఒద్దన్నాడక్కా ఆయన. అందరి ముందు ఒద్దన్నాడు," అన్నాడు.

  రాహేలమ్మ నన్ను తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళింది. కడిగింది. కడిగినదాన్నే మళ్ళీ కడిగింది. "చెప్తే నా చేతి మెతుకు మళ్ళీ ముట్టుకోడు," అంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. నాతోనే అని ఉండాలి. ఇది తెచ్చిపెట్టుకున్న కారణమో, నిజమైన కారణమో నాకు తెలియదు. ఆ రోజునుంచి మాత్ర మానేసింది. ఆ వారంలోనే దేవసహాయం కల్లుపాకకి వెళ్ళాడు.

తర్వాత పందొమ్మిదేళ్ళు. వాటిని గురించి చెప్పడానికి నాకు ఓపిక లేదు. తాయెత్తు కట్టించారు. తేనెలో కలిపి తాగితే మానేస్తారన్న నాటుమందు భీమవరంనుంచి తెచ్చారు. అది ఆకుపచ్చగా ఉండేది, నాలో కూడా ఆకుపచ్చగానే పడింది. ఒక స్వస్థత కూటంలో తల మీద నూనె పోశారు. ఎవరికివాళ్ళు తమ వైద్యమే ఆఖరిదని చెప్పారు. పాతది ఎందుకు పనిచెయ్యలేదని అడిగినవాడు ఒక్కడు లేడు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఎనభైల చివర్లో, తాగుడు మానుకున్నవాళ్ళు వారానికోసారి బడి గదిలో కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇంటిపేర్లు చెప్పుకోరు. మందు లేదు, సూది లేదు, తాళం లేదు. ఒకడి కథ ఒకడు వినడమే. నేను చూసిన, విన్న వైద్యాల్లో నాకు నచ్చింది అదే, అందులో నాకు పని లేదు కాబట్టి. దేవసహాయం ఒకసారి వెళ్ళాడు. మనకన్నా పైన ఉన్నవాడి చేతికి మనల్ని అప్పజెప్పుకోవాలి అని అక్కడ చెప్పారట. అతను లేచి దణ్ణం పెట్టాడు.

"ఆ పైన ఆయనకీ నాకూ మాటల్లేవండి. తెంచుకుంది ఆయనే. నేను కాదు," అని ఇంటికి వచ్చేశాడు.

ఆ మాట రాహేలమ్మ ముందే అన్నాడు. ఆమె బియ్యం ఏరుతోంది. చేట ఆగింది. ఒక్క వాక్యం చాలు, ఆ బడి గది తలుపు అతనికి తెరుచుకునేది. చేట మళ్ళీ కదిలింది. ఇనుముకి నోరు లేకపోవడం గురించి నేను మామూలుగా ఫిర్యాదు చెయ్యను. ఆ రోజు చేశాను.

1993లో ఆడవాళ్ళు ఊరూరా సారా వేలంపాటలు ఆపించారు. అక్టోబరు మొదటి తేదీనుంచి రాష్ట్రంలో సారా లేదు. పత్రికల్లో పండగ రాశారు. ఆ వారంలో ఆసుపత్రి మంచాలు ఎలా నిండాయో ఎక్కడ రాశారో నేను చూడలేదు. ముప్పై ఏళ్ళు రోజూ తాగినవాడికి ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు ఊరుకోదు. దేవసహాయం చేతులు వణికాయి. గోడ మీద చీమలు పాకుతున్నాయని చెప్పుతో కొట్టాడు. గోడ మీద చీమలు లేవు. రాహేలమ్మ అప్పటికి రిటైరైంది. తమ్ముణ్ణి రిక్షాలో ఎక్కించి, నన్ను ఒళ్ళో పెట్టుకుని, తను పనిచేసిన ఆసుపత్రికే తీసుకెళ్ళింది.

పాత ఊచల గది ఉన్నచోట ఇప్పుడు ఒక వార్డు ఉంది. కిటికీలకి ఊచలు లేవు. సెలైను పెట్టారు, వణుకు తగ్గే మాత్రలు ఇచ్చారు, విటమిను సూదులు వేశారు. మూడోనాడు అతను అక్కని గుర్తుపట్టాడు. పక్క మంచం మీద కొండబాబు అని కొబ్బరి దింపేవాడు ఉన్నాడు. ఏటా మాల వేసుకుని, మాల తీసిన సాయంత్రమే మొదలుపెట్టేవాడు.

"నలభయ్యొక్క రోజులు నన్ను మించిన సోమి లేడు బాబాయ్. నలభైరెండో రోజు మా ఆవిడ తలుపు గెడెట్టేస్తది," అనేవాడు.

"మరి మాల తియ్యకపోతే సరి."

"తియ్యకపోతే మాలతో చెట్టెక్కనివ్వరు బాబాయ్. తిండెవడెడతాడు?"

డాక్టరు నీలవేణిగారని కొత్తగా వచ్చిన ఆమె. వయసులో చిన్నది. శుక్రవారం మధ్యాహ్నం రోగుల్నీ వెంట వచ్చినవాళ్ళనీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడేది. నేను దేవసహాయం మంచం కింద ఉన్నాను. రాహేలమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. డాక్టరమ్మ ఇది పాపం కాదు, పిచ్చి కాదు, జబ్బు అంది. ఆ మాట ఆ గదిలో అనడం అదే మొదటిసారి కావచ్చు. తర్వాత ఒక మాత్ర గురించి చెప్పింది. పాత మాత్రే. నాకు చెవులుంటే నిక్కబొడిచేవాణ్ణి.

"ఇది రోగికి తెలిసి, రోగి ఒప్పుకుంటేనే ఇస్తాం. తెలియకుండా అన్నంలో కలపొద్దమ్మా. మీ ఊళ్ళల్లో కలుపుతారని నాకు తెలుసు. అతనికి తెలియకపోతే దేనికి దూరంగా ఉండాలో ఎలా తెలుస్తుంది? కొన్ని దగ్గుమందుల్లో మద్యం ఉంటుంది. టానిక్కుల్లో ఉంటుంది. చర్చిలో ఇచ్చే ద్రాక్షారసం పులిసిందైతే అదీ చాలు. మొహం ఎర్రబడి, కక్కి, పడిపోతాడు. అతనేమో తన ఖర్మ అనుకుంటాడు."

దేవసహాయం మోచేతి మీద లేచాడు.

"అక్కా."

"ఊఁ."

"ఆ శనివారం కూరేంటి?"

ఏ శనివారమని రాహేలమ్మ అడగలేదు.

"బెండకాయ పులుసు."

"అందులోనేనా?"

"అందులోనే."

"పులుసులో ఏవుందండీ?" అన్నాడు కొండబాబు. 

డాక్టరమ్మ ఆగింది. ఇద్దరినీ చూసింది. ఆమెకి ఏమీ తెలియదు. చెప్పిన మాట ఎక్కడో తగిలిందని మాత్రం తెలిసింది. దేవసహాయం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒక మాట అన్నాడు. గోడతో అన్నాడు.

"నేను మానేసే ఉన్నానక్కా అప్పటికి."

"తెలుసు," అంది రాహేలమ్మ. "తర్వాత తెలిసింది."

మర్నాడు ఆమె ఇంటినుంచి క్యారేజీ తెచ్చింది. అతను మూత తియ్యలేదు. ఆసుపత్రి రొట్టె పాలల్లో ముంచుకుని తిన్నాడు. ఆ మర్నాడూ అంతే. "నీకొద్దంటే ఇలా తోసెయ్యి బాబాయ్," అని కొండబాబు క్యారేజీ లాక్కుని అడుగుదాకా తిన్నాడు. తిని చేతులు చాపి చూపించాడు. "చూడు, నాకేవీ అవలేదు. చేప ఇగురు బెమ్మాండం." దేవసహాయం నవ్వలేదు. రాహేలమ్మ ఖాళీ క్యారేజీ కడిగి తీసుకెళ్ళింది. ఆమె భయపడింది ఇదే. పందొమ్మిదేళ్ళు దాచి ఆమె కాపాడుకున్నది ఆ మెతుకే. ఇప్పుడు అది కొండబాబు తింటున్నాడు.

ఇంటికి పంపే ముందు డాక్టరు నీలవేణిగారు దేవసహాయాన్ని అడిగింది, మాత్ర వేసుకుంటావా అని. అతను మాత్రని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఇదేనా అదీ?"

"ఇదే."

"ఇంతేనా?" అన్నాడు. తర్వాత, "వేసుకుంటానండి. నా చేత్తో నేనే వేసుకుంటాను. ఈవిడ చేతికి ఇవ్వకండి," అన్నాడు.

రాహేలమ్మ తల ఊపింది.

ఇంట్లో ఆ సాయంత్రం ఆమె అన్నం వడ్డించింది. సత్తు కంచంలో. అతను కంచం ముందు కూర్చున్నాడు. తర్వాత దాన్ని ఆమె వైపు తోశాడు.

"ముందు నువ్వు తిను."

ఆమె ముద్ద కలిపి తింది. ఇంకో ముద్ద తింది. అతను కంచం తన వైపు లాక్కున్నాడు. ఆనాటినుంచి ఆ ఇంట్లో భోజనం అలాగే జరిగింది.  ఒకసారి, "కారం సరిపోయిందా?" అని అతను అడిగాడు. "సరిపోయింది," అంది.

నవంబరు మొదటి ఆదివారం దేవసహాయం తెల్లచొక్కా వేసుకుని గుడికి వెళ్ళాడు. నేను అక్కడ లేను. ఇంటికి వచ్చి మాట్లాడిన ముగ్గురి మాటల్లో కలిసినంతవరకే చెప్తున్నాను. ముందురోజే అతను కొత్త పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి మాట్లాడుకున్నాడు. సంస్కారం సమయానికి బల్ల దగ్గర మోకాళ్ళేశాడు. రొట్టె తీసుకున్నాడు. గిన్నె దగ్గరికి వచ్చేసరికి తల అడ్డంగా ఊపాడు. పాస్టరుగారు గిన్నెని పక్కవాళ్ళకి అందించారు.

ఎలీషాగారు అప్పటికి ముసలివారు. చేతికర్ర పట్టుకుని మొదటి వరసలో ఉన్నారు. "చూసేరా? గిన్నె ముట్టుకోడానికి ఇంకా భయమే. లోపలిది పోలేదు," అన్నారు. మెల్లిగా అన్నాననుకున్నారు. ఆయనకి చెవుడు. గుడంతా వినపడింది.

ఆడవాళ్ళ వైపునుంచి రాహేలమ్మ లేచి నిలబడింది. ఆరాధన మధ్యలో ఆ వైపునుంచి ఎవరూ మాట్లాడరు.

"భయం కాదండి ఎలీషాగారూ. మాత్ర వేసుకుంటున్నాడు. దానికి ద్రాక్షారసం పడదు. డెబ్బై నాలుగులోనూ మాత్రేనండి. వాడికి తెలీదు. కూరలో కలిపింది నేను. మీరందరూ దేవుడన్నారు. నేను కాదనలేదు."

ఎలీషాగారు పక్కవాళ్ళని ఏమంటోంది అని అడిగారు. పక్కవాళ్ళు ఆయన చెవిలో మళ్ళీ చెప్పవలసి వచ్చింది. అందువల్ల ఆ మాట గుడిలో రెండుసార్లు వినపడింది. దేవసహాయం మోకాళ్ళ మీదనే ఉన్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు.

ఇంటికి వచ్చాక ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. బెండకాయ పులుసు. వండమన్నది దేవసహాయమే. రాహేలమ్మ అలవాటు ప్రకారం అతని కంచంలోంచి ముద్ద తీసుకోబోయింది. అతను ఆమె చేతిని పక్కకి జరిపాడు. తనే కలుపుకుని తినడం మొదలుపెట్టాడు. ఆమె విసనకర్ర తీసుకుంది. మళ్ళీ కింద పెట్టేసి తను కూడా వడ్డించుకుంది.

తిన్నాక అతను చెయ్యి కడుక్కుని చొక్కా వేసుకున్నాడు.

"ఎక్కడికి?" అంది రాహేలమ్మ.

"తణుకు. రూతుకి నేనే చెప్పాలి."

"నేనూ రానా?"

"నువ్వు చెప్పవలసింది చెప్పేసేవు కదా. ఇది నాది."

గుమ్మం దిగుతూ చొక్కా జేబు తడుముకున్నాడు. మాత్రల డబ్బా ఉంది. మూడు గంటల తణుకు బస్సులో అతను ఎక్కడం, కిటికీ పక్కన కూర్చోవడం లాకుల దగ్గర కొబ్బరికాయలు బండికి ఎత్తుతున్న కొండబాబు చూశాడు.